విద్యార్థుల ప్రాజెక్టులు గ్రామమునకు ఉపయోగపడుట ఎట్లు?

రచన: ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. (అగ్రికల్చర్)

వ్యవసాయ కళాశాలలలో చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థినీ విద్యార్థులు ఏటేట మన గ్రామములకు వచ్చి కొన్ని వారములు నివసించుట మీలో అనేకులు ఎరిగినదే. మీ ఊరికిని వచ్చియుందురు. ఒక్కొక్క రైతునకు ఒకరిద్దరు చొప్పున వారిని అప్పగింతురు. వారు ఆ రైతు వెంట పొలమునకు పోవుదురు. రామాలయము ముందర ముగ్గుపిండితో గ్రామపటమును వేయుదురు. చెరువు ఎక్కడ, కాలువ ఎక్కడ, ఏ నెలలో పని ఎక్కువ, ఏ నెలలో అప్పు ఎక్కువ అని మిమ్ములను అడిగి వ్రాసికొందురు. గడువు ముగిసిన పిమ్మట సామానులు సర్దుకొని వెళ్లిపోవుదురు.

వారు వెళ్లిన తరువాత మీ ఊరిలో ఏమి మిగిలినదో మీరెన్నడైన ఆలోచించితిరా? విద్యార్థి రికార్డు పుస్తకములో పటములు, పట్టికలు, ఫొటోలు మిగులును. రైతునకు మిగిలినదేమి? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము లభింపవలెనన్నచో ఆ చదువును ఏ విధముగా ఏర్పాటు చేయవలెనో ఈ వ్యాసములో వివరింతును. ఇది అధ్యాపకులకును, విద్యార్థులకును మాత్రమే సంబంధించిన విషయము కాదు. తన పొలమును, తన కాలమును ఇచ్చుచున్న రైతునకు దీనిలో పెద్ద పాలు కలదు.

మట్టి ఏమి చెప్పినది?

ముందుగా నా సంగతి చెప్పెదను. పదునాలుగు సంవత్సరముల క్రిందట నేనును అట్లే ఒక గ్రామమునకు వెళ్లినవాడనే. కృష్ణా డెల్టాలోని ఆ గ్రామములో నన్ను ఒక వరి రైతు ఇంటికి అప్పగించిరి. ఆయనను నేను ‘బాబాయిగారూ’ అని పిలిచెడివాడను. ఆయనకు మూడెకరముల సొంత భూమియు, రెండెకరముల కౌలు భూమియు ఉండెను. చీకటితోనే నన్ను లేపి పొలమునకు తీసికొనిపోయెడివారు. నారు పీకి కట్టలు కట్టుట, దమ్ము చేసిన మడిలో అడుగు తీసి అడుగు వేయుట, గట్టుపై నిలిచి నీటిమట్టము చూచుట నాకు నేర్పినది ఆయనయే. పిన్నిగారు పెట్టిన చద్దన్నము, మాగాయపచ్చడి రుచి నేటికిని మరువలేదు.

నేను ఎన్నుకొన్న ప్రాజెక్టు భూసార పరీక్ష. దమ్ములకు పూర్వము ఊరిలోని నలుబదిమంది రైతుల పొలములకు పోయి మట్టి నమూనాలు తీసితిని. ఎకరమునకు ఎనిమిది, పది చోట్ల ఆంగ్లాక్షరము ‘వి’ ఆకారమున 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచువెంట పైనుండి క్రిందివరకు పలుచని పొరగా మట్టిని చెక్కి, అంతయు గోనెపై పోసి కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు చివరకు అరకిలో మిగిల్చితిని. పని పద్ధతి ప్రకారమే జరిగినది. సంచులపై పేర్లు వ్రాసి పరీక్షాశాలకు పంపితిని.

ఫలితములు వచ్చుసరికి మేము గ్రామము విడిచి కళాశాలకు చేరియుంటిమి. నేను ఆ పట్టికను రికార్డు పుస్తకములో అతికించితిని. అధ్యాపకులు చూచి సంతోషించిరి. మంచి మార్కులు వచ్చినవి. ఆ నలుబదిమందికి ఫలితములు చేరినవా యని నన్నెవ్వరును అడుగలేదు. నాకును తోచలేదు. పరీక్షలు, ఉద్యోగ ప్రయత్నములు, ఆ తరువాత ఉద్యోగము, బదిలీలు. ఆ విషయమే మరచితిని.

పన్నెండు సంవత్సరములు గడచిన పిమ్మట నాకు ఆ ప్రాంతమునకే బదిలీ అయినది. సార్వా కోతలు ముగిసిన రోజులు. ధాన్యము కొనుగోలు కేంద్రమువద్ద బస్తాలపై కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూచి లేచి వచ్చెను.

“మా ఇంట్లో ఉన్న అబ్బాయివి గదూ! బాగున్నావా బాబూ? ఆఫీసరయ్యావన్నమాట!”

“బాగున్నాను బాబాయిగారూ. పిన్నిగారెలా ఉన్నారు?”

“ఉంది, మోకాళ్ల నొప్పులు. ఇంటికి రా, చూస్తే సంతోషిస్తుంది.” కొంతసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, నవ్వుచునే అడిగెను: “అప్పుడు మా మట్టి సంచుల్లో పట్టుకెళ్లారు గదా బాబూ. ఇంతకీ ఏం చెప్పింది మా మట్టి?”

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి పాత పెట్టె తెరచి రికార్డు పుస్తకమును వెదకి తీసితిని. ఆయన పేరు ఎదుట లభ్య భాస్వరము హెక్టారుకు 78 కిలోలని ఉన్నది. 24 కిలోలకు తక్కువైన తక్కువ, 24 నుండి 59 వరకు మధ్యస్థము, 59కి మించిన ఎక్కువ అని మనము లెక్కింతుము. ఆయన భూమిలో భాస్వరము కావలసినదానికన్న ఎక్కువ ఉన్నది. మరునాడు ఆయన ఇంటికి పోయి ఎరువులు ఏ విధముగా వేయుచున్నారని అడిగితిని. ఎకరమునకు దమ్ములో ఒక బస్తా డి.ఎ.పి.యు, నాటిన మూడు వారములకు యూరియాతో కలిపి మరియొక బస్తా డి.ఎ.పి.యు వేయుచుంటినని చెప్పెను.

ఇచట లెక్క చూడుడు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరము 23 కిలోలు ఉండును. భాస్వరము ఎంత అవసరమైనను అంతయు దమ్ములోనే వేయవలెను. పైపాటుగా వేసిన భాస్వరము ఆ పైరునకు పెద్దగా ఉపయోగపడదు. భాస్వరము సమృద్ధిగానున్న భూమిలో సిఫారసు చేసిన మోతాదును కూడ సుమారు 30 శాతము తగ్గింపవచ్చును. కావున ఆ రెండవ బస్తాలోని భాస్వరము వ్యర్థము. మూడెకరముల సొంత భూమిలో పన్నెండు సార్వాలకు ముప్పదియారు బస్తాలు. అంతియే కాదు. భూమిలో భాస్వరము మితిమీరినచో వరి మొక్క జింకును చక్కగా తీసికొనజాలదు. ఆయన చేనిలో నాటిన కొద్ది వారములకు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చుచుండెడివట. అది తెగులనుకొని మందు కొట్టించుచుండెను.

నా రికార్డు పుస్తకములో ఒక్క వరుసగా పడియున్న అంకె ఆయనకు ఆనాడే చేరియుండినచో ఈ ఖర్చు ఉండెడిది కాదు. ఆయన నన్ను కోపపడలేదు. “ఆ కాగితం అప్పుడే ఇచ్చి ఉంటే బాగుండేది బాబూ” అని మాత్రమే అనెను. అప్పటినుండి విద్యార్థుల ప్రాజెక్టులనుగూర్చి నేను ఆలోచించుట మొదలిడితిని.

ఈ విధమైన చదువు ఎట్లు వచ్చినది?

చేయుచు నేర్చుకొను ఈ పద్ధతి వ్యవసాయ విద్యలో చాలకాలమునుండి కలదు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రములో నార్తాంప్టన్ పట్టణమందలి స్మిత్ వ్యవసాయ పాఠశాలకు 1908లో రూఫస్ స్టిమ్సన్ అను ఆయన అధిపతిగా వచ్చెను. ఆయన తన విద్యార్థులను పాఠశాల క్షేత్రములో పనిచేయించుటకు బదులు వారి వారి ఇండ్లకే పంపి, స్వంత కమతములో ఒక్కొక్కరు ఒక్కొక్క పనిని పూర్తి బాధ్యతతో చేసి, లెక్కలు వ్రాసి తెచ్చునట్లు ఏర్పాటు చేసెను. 1917లో ఆ దేశములో వచ్చిన స్మిత్–హ్యూస్ చట్టము వ్యవసాయ విద్యార్థి సంవత్సరమునకు కనీసము ఆరు నెలలు క్షేత్రములో పర్యవేక్షణక్రింద పని చేయవలెనని విధించినది. 1918లో విలియం కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతినిగూర్చి వ్యాసము వ్రాసిన తరువాత ఇతర పాఠశాలలలో కూడ ఈ మాట వ్యాపించినది.

మన దేశములో గాంధీ మహాత్ముడు 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో చేతిపనిని ఆధారముగా చేసికొన్న విద్యను ప్రతిపాదించిరి. 1949లో నివేదిక సమర్పించిన రాధాకృష్ణన్ సంఘము గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పినది. 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సమితి పాఠశాలలలో సమాజమునకు ఉపయోగపడు ఉత్పాదక కార్యమునకు స్థానమీయవలెనని సూచించినది.

వ్యవసాయ కళాశాలల విషయములో 1992 నాటి రంధావా సమితి విద్యార్థులను గ్రామములలో ఉంచు గ్రామీణ వ్యవసాయానుభవ కార్యక్రమమును సిఫారసు చేసినది. 2015 జూలై 25న పాట్నాలో ‘స్టూడెంట్ రెడీ’ అను కార్యక్రమము ప్రారంభమైనది. దీనిలో గ్రామానుభవముతోపాటు విద్యార్థి ప్రాజెక్టు కూడ ఒక ప్రత్యేక భాగముగా చేర్చబడినది. కావున ఏర్పాటు కొరత లేదు. ఆ ఏర్పాటును గ్రామమునకు ఉపయోగపడునట్లు నడుపుటయే ముఖ్యము.

మంచి ప్రాజెక్టునకు ఉండవలసిన లక్షణములు

మొదటిది: ప్రశ్న గ్రామమునదై యుండవలెను. కళాశాలలోనే శీర్షిక నిర్ణయించుకొని వచ్చిన విద్యార్థికి ఊరిలో వినుటకు ఏమియు ఉండదు. పై తరగతివారి రికార్డు చూచి వ్రాసిన ప్రాజెక్టు ఏ ఊరికైనను సరిపోవును, ఏ ఊరికిని ఉపయోగపడదు.

రెండవది: ఒక్క విద్యార్థి ఉన్న కాలములో ముగింపగలిగినంత చిన్నదిగా ఉండవలెను. ‘గ్రామ వ్యవసాయాభివృద్ధి’ అనునది ప్రాజెక్టు కాదు. ‘ఈ వీధిలోని ఇండ్లలో దాచిన మినుము విత్తనము ఎంత మొలకెత్తును’ అనునది ప్రాజెక్టు.

మూడవది: కొలుచుటకును, పోల్చుటకును వీలుండవలెను. క్రొత్త పద్ధతి ప్రక్కనే పాత పద్ధతిని కూడ ఉంచవలెను. లేనిచో పంట బాగుండుటకు కారణము వానయో, ఎరువో, విత్తనమో ఎట్లు తెలియును?

నాలుగవది: విద్యార్థియే బాధ్యుడు కావలెను. అధ్యాపకుడు ప్రశ్నలు వేయవలెనే కాని, సమాధానములు వ్రాయించరాదు. ఒక్కొక్క విద్యార్థికి వేరువేరు ప్రశ్న ఉన్నచో ఒకరి పుస్తకము చూచి ఒకరు వ్రాయు అవకాశముండదు.

ఐదవది: తప్పిపోయినను రైతునకు నష్టము రాకూడదు. ప్రయోగమునకు చిన్న మడి చాలును. పంట మొత్తమును ఎన్నడును పణముగా పెట్టరాదు. పురుగు మందులు, విషపు ఎరలు వాడవలసినచో బాధ్యతగల సిబ్బంది ఎదుటనే జరుగవలెను.

ఆరవది: ఫలితము ప్రశ్న అడిగినవారికి తిరిగి చేరవలెను. నా ప్రాజెక్టులో లోపించినది ఇదియే. మిగిలినవన్నియు సరిగానున్నను ఈ ఒక్కటి లేనందున అది రైతునకు కొరగాకపోయినది.

మూడు ఉదాహరణములు

మినుము మొలక పరీక్ష: వరి మాగాణులలో కోతకు రెండు మూడు దినములు ముందుగా నిలిచియున్న వరిలోనే మినుమును వెదజల్లుదుము. మిగిలిన పదునుతోనే పంట రావలెను. విత్తనము మొలకెత్తనిచో మరల చల్లుటకు పదునుండదు. అందుచేత ముందుగా మొలక పరీక్ష చేయుట మిక్కిలి అవసరము. దీనికి ఖర్చు లేదు. ఇంటింటికి పోయి దాచిన విత్తనమునుండి ఏరకుండ 100 గింజలు తీసికొని, తడిపి పిండిన గోనెపట్టాపై వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, ఆరకుండ తడుపుచు 7 దినములు చూడవలెను. మంచి మొలకలను మాత్రమే లెక్కింపవలెను. మినుమునకు నూటికి 75 కనీస ప్రమాణము. వరికి 80, వేరుసెనగకు 70.

మొలక తక్కువైనపుడు ఏమి చేయవలెనో కూడ విద్యార్థి రైతునకు చెప్పవలెను. ఎకరమునకు 16 కిలోలు చల్లు రైతు విత్తనములో నూటికి 60 మాత్రమే మొలకెత్తినవనుకొందము. 16ను 75తో హెచ్చవేసి 60తో భాగించినచో 20 వచ్చును. అనగా 20 కిలోలు చల్లవలెను. 60కి కూడ మిక్కిలి తగ్గినచో ఆ విత్తనమును మాని, అదే వీధిలో మంచి మొలక వచ్చిన ఇంటినుండి మార్చుకొనుట మేలు. ఎవరి ఇంట మంచి విత్తనమున్నదో విద్యార్థి పట్టికయే చెప్పును. కోతలకు మూడు వారములు ముందుగా ఈ పని ముగిసినచో ఊరంతయు ప్రయోజనము పొందును.

ఎలుకల లెక్క: ఎలుకలను ఒక్క రైతు తన పొలములో చంపిన లాభము లేదు. ప్రక్క గట్టునుండి మరల వచ్చును. ఊరంతయు ఒకే దినమున పూనుకొనవలెను. చెప్పుట సులభము, జరిపించుట కష్టము. విద్యార్థికి ఇది చక్కని ప్రాజెక్టు. మొదటి దినము గట్లపైనున్న కన్నములన్నింటిని మట్టితో మూసివేయవలెను. మరునాడు తెరచియున్న వానిని లెక్కింపవలెను. అవియే ఎలుకలున్న కన్నములు. వానిలోనే ఎర వేయవలెను. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, 0.25 శాతపు బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్లు కలిపి, 10 నుండి 15 గ్రాముల పొట్లములుగా కట్టి కన్నమునకొకటి చొప్పున లోపలికి త్రోయవలెను. మందు కలుపుట, పంచుట వ్యవసాయ శాఖ సిబ్బంది చేతిమీదుగానే జరుగవలెను. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను. చచ్చిన ఎలుకలను పాతిపెట్టవలెను.

పది దినములు గడచిన తరువాత మరల కన్నములు మూసి, మరునాడు తెరచినవానిని లెక్కింపవలెను. మొదట 80 ఉండి తరువాత 12 మిగిలినచో, 68 తగ్గినవి. అనగా నూటికి 85. ఈ లెక్కను గట్టుల పటముపై గుర్తించి చూపినచో ఎవరు పాల్గొనని చోట ఎన్ని మిగిలినవో అందరికిని కనబడును. పొట్ట దశకు ముందుగానే ఇది జరుగుట మంచిది.

భూసార ఫలితముల వివరణ: ఇది నేను సగములో విడిచిన పని. మట్టి తీయుటతో ప్రాజెక్టు ప్రారంభమగునే కాని ముగియదు. ఫలితము వచ్చిన పిమ్మట ఒక్కొక్క రైతు ఇంటికి పోయి, ఆయన వేయుచున్న ఎరువులను బస్తాలలో అడిగి, ఫలితమునుబట్టి కావలసినది మరల బస్తాలలోనే చెప్పవలెను. హెక్టారుకు కిలోలని చెప్పినచో కొట్టువద్ద రైతునకు పనికిరాదు. ఫలితములు ఆలస్యమగునని ముందే తెలియును గనుక, విద్యార్థి ఊరిలో దిగిన మొదటి వారములోనే మట్టి పంపవలెను. అట్లు వీలు కానిచో ఆ ప్రాజెక్టును చేపట్టనే కూడదు.

పదునారు వారముల ప్రణాళిక

విద్యార్థికి పదునారు వారములు దొరికినవనుకొందము. వానిని ఈ విధముగా పంచుకొనవచ్చును.

మొదటి రెండు వారములు వినుటకు. ఊరి పటము, కాలపట్టిక, పంటల వరుస ఈ కాలములోనే వేయవచ్చును. పటము వేయునపుడు ముందు నిలిచి మాటలాడువారినే కాక కౌలు రైతులను, కూలి స్త్రీలను, గొర్రెల కాపరులను కూడ అడుగవలెను. ఎలుకలున్న గట్లు కాపరికి తెలిసినంత కరణీకము చేసినవానికి తెలియదు.

మూడవ వారములో ప్రశ్నను ఎన్నుకొనవలెను. విద్యార్థి ఒకే పుటలో నాలుగు విషయములు వ్రాసి అధ్యాపకునికిని, రైతునకును చూపవలెను: ప్రశ్న ఏమి, ఎవరు అడిగిరి, దేనిని కొలుతును, సమాధానము ఎవరికి ఏ తేదీలోగా చెప్పుదును. నాలుగవ విషయము వ్రాయజాలని ప్రాజెక్టును అధ్యాపకుడు ఒప్పుకొనరాదు.

నాలుగవ వారమునుండి పదుమూడవ వారమువరకు పని. ఏ దినము చూచినది ఆ దినమే పొలము పుస్తకములో వ్రాయవలెను. సగము కాలము గడచిన పిమ్మట ఒకసారి ఊరివారి ఎదుట ఇంతవరకు తెలిసినది చెప్పవలెను. తప్పుత్రోవలో పోవుచున్నచో రైతులే దిద్దుదురు.

పదునాలుగు, పదునైదు వారములు ఫలితములను తిరిగి ఇచ్చుటకు. రైతు సేవా కేంద్రము వద్దనో, రైతు వేదికలోనో, రచ్చబండ దగ్గరనో సభ జరిపి, పెద్ద అక్షరములతో వ్రాసిన ఒక కాగితమును అచ్చట అంటించి, సంబంధించిన రైతులకు ఒక్కొక్క ప్రతి ఈయవలెను.

చివరి వారము అప్పగింతకు. పొలము పుస్తకపు నకలు ఒకటి స్థానిక వ్యవసాయాధికారివద్ద ఉండవలెను. మరుసటి సంవత్సరము వచ్చు విద్యార్థి ఆ పుస్తకము చదివిన తరువాతనే తన ప్రశ్నను ఎన్నుకొనవలెను. అప్పుడు ఏటేట మొదటినుండి మొదలుపెట్టు అవస్థ తప్పును.

మార్కులు దేనికి?

విద్యార్థి దేనికి మార్కులు వచ్చునో దానినే చేయును. ఇది అతని దోషము కాదు. రికార్డు అందముగా నున్నచో మార్కులు వచ్చునని తెలిసిన, రికార్డునే అందముగా చేయును. నేనును అదియే చేసితిని. కావున మార్కుల పంపకమును మార్చిననే చదువు మారును. నూరు మార్కులను ఈ విధముగా పంచవచ్చునని నా సూచన: ప్రశ్న ఎన్నికకు 15, కొలత పద్ధతికి 20, పొలము పుస్తకమునకు 30, ఫలితములను గ్రామమునకు తిరిగి ఇచ్చుటకు 25, అప్పగింతకు 10.

దీనిలో ఒక విషయము గమనింపవలెను. ప్రయోగము విజయవంతమైనందులకు మార్కులు లేవు. క్రొత్త పద్ధతికిని, పాత పద్ధతికిని తేడా లేదని తేలినచో అదియు రైతునకు కావలసిన వార్తయే. ఒక ఖర్చు తప్పినట్లే. జయము వచ్చిననే మార్కులు అన్నచో అంకెలు దిద్దు ప్రలోభము విద్యార్థికి కలుగును. దిద్దిన అంకెను నమ్మి మరుసటి సంవత్సరము ఒక రైతు డబ్బు పెట్టును. ఆ నష్టమునకు ఎవరు జవాబుదారి?

తిరిగి ఇచ్చుటకు ఉద్దేశించిన 25 మార్కులలో కొన్నింటిని రైతుల మాటను విని వేయుట సమంజసము. అధ్యాపకుడు ఊరికి వచ్చి, విద్యార్థి లేని సమయమున, నలుగురు రైతులను “ఈ అబ్బాయి మీకేమి చెప్పినాడు? దానివలన మీరేమైన మార్చుకొంటిరా?” అని అడిగిన చాలును.

అధ్యాపకులు ఒక్కరే అనేక గ్రామములను చూడవలసియుండుట నిజమే. ప్రతి వారము రాలేకపోవచ్చును. కాని మూడు పర్యాయములు తప్పక రావలెను: ప్రశ్నను ఒప్పుకొనునపుడు, సగము కాలమున, ఫలితముల సభ దినమున. మధ్యలో ఫోనుపై మాటలాడవచ్చును. గట్టుపై నిలిచి చూచినది వేరు, ఫోనులో పంపిన ఫొటో చూచినది వేరు అని మాత్రము మరువరాదు.

రైతు సోదరులకు, సోదరీమణులకు

మీ ఊరికి ఈసారి విద్యార్థులు వచ్చినపుడు మర్యాదగా అన్నము పెట్టి పంపుటతో మీ పని తీరినదని తలపవలదు. వారికి మీరు నాలుగు సహాయములు చేయవచ్చును.

మీ సందేహములను చెప్పుడు. “ఈ గట్టు ప్రక్క మూడు సాళ్లు ఏటేట ఎందుకు పసుపు బారుచున్నవి?” వంటి ప్రశ్న వారికి పుస్తకములో దొరకదు.

చిన్న మడి ఈయుడు. అయిదు సెంట్లైనను చాలును. రెండు భాగములుగా చేసి, ఒక దానిలో మీ పద్ధతి, రెండవ దానిలో వారి పద్ధతి నడువనిండు. కోత దినమున రెండింటిని వేరువేరుగా తూచుడు.

మీ లెక్కలు దాచక చెప్పుడు. ఎన్ని బస్తాలు వేసితిరి, ఎన్ని బస్తాలు పండినవి అను విషయములో ఎక్కువ తక్కువలు చెప్పినచో వారి సమాధానము కూడ తప్పగును.

అన్నింటికన్న ముఖ్యముగా, ఫలితమును అడుగుడు. వారు మట్టి తీసినను, గింజలు తీసికొనిపోయినను, మీ ఇంటి వివరములు వ్రాసికొన్నను, “ఏమి తెలిసినది? ఎప్పుడు చెప్పెదవు బాబూ? ఎప్పుడు చెప్పెదవమ్మా?” అని మొదటనే అడుగుడు. మొగమాటము వలదు. నన్ను ఆనాడు మా బాబాయిగారు ఆ మాట అడిగియున్నచో పన్నెండు సంవత్సరములు ఆగవలసిన పని లేకపోయెడిది. అయినను అడుగవలసిన భారము ఆయనది కాదు, చెప్పవలసిన బాధ్యత నాది.

మిగిలిన పని

ఆ తరువాత జరిగినది చెప్పి ముగింతును. నా పాత పట్టికలోని నలుబది పేర్లలో అనేకులు ఇంకను వ్యవసాయము చేయుచున్నారు. కొందరి భూములు కుమారుల చేతికి వచ్చినవి. కొందరు కౌలుకిచ్చి పట్టణములకు పోయిరి. అందుబాటులోనున్నవారి పొలములలో వేసవిలో క్రొత్తగా మట్టి తీయించి, ఫలితములు రాగానే ఇంటింటికి పోయి బస్తాల లెక్కలో వివరించితిని. మా బాబాయిగారి పొలములో భాస్వరము ఇంకను ఎక్కువగానే తేలినది.

నిరుటి సార్వాలో ఆయన తన పొలములో ఒక ఎకరమును నడుమ గట్టు వేసి రెండు భాగములు చేసెను. దమ్ములో రెండింటికిని ఒకే మోతాదు వేసితిమి. మూడవ వారమున ఒక అరెకరమునకు ఎప్పటివలె అర బస్తా డి.ఎ.పి. వేసెను. రెండవ అరెకరమునకు డి.ఎ.పి. మాని, దానిలో ఉండెడి నాలుగున్నర కిలోల నత్రజనికి సరిగా 10 కిలోల యూరియా అదనముగా వేసెను. అట్లు చేయనిచో నత్రజని తగ్గినందున వచ్చిన తేడాను భాస్వరము వలన వచ్చినదని పొరపడుదుము. తుప్పు మచ్చలు కనబడగానే రెండు భాగములకును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి ఐదు దినముల ఎడముతో రెండు పర్యాయములు కొట్టించితిమి. కోత కోసి వేరువేరుగా నూర్చి తూచితిమి. రెండు భాగముల దిగుబడిలో లెక్కింపదగిన తేడా లేదు.

ఆయన కాటా ముల్లును రెండు సార్లు చూచి, “అయితే ఆ బస్తా అక్కర్లేదన్నమాట” అనెను. ఈ సంవత్సరము మూడెకరములకును దానిని మానివేసినారు. ఒక్క పొలము, ఒక్క సార్వా మాత్రమే గనుక ఈ ఏడు ప్రక్క రైతులు ఇద్దరు తమ మడులలో మరల తూచి చూచుటకు ఒప్పుకొనిరి.

ఇప్పుడు ఆ ఊరికి కళాశాలనుండి క్రొత్త విద్యార్థులు వచ్చియున్నారు. ఒక విద్యార్థిని మా బాబాయిగారి ఇంటనే ఉన్నది. ఆమె చేతికి నా పాత రికార్డు పుస్తకమును, క్రొత్త ఫలితముల పట్టికను ఇచ్చితిని. ఆ ఇద్దరు రైతుల మడులలో కొలతలు తీయుట ఆమె ఎన్నుకొన్న ప్రాజెక్టు. ఆమె వ్రాసిన పుటలో నాలుగవ విషయము ఎదుట ఫలితములు చెప్పు తేదీ ఉన్నది. పిన్నిగారు ఆ తేదీని గోడపై క్యాలెండరులో గుర్తు పెట్టించుకొనిరి. మీ ఊరికి వచ్చిన విద్యార్థులచేత కూడ అట్టి తేదీ నొకదానిని వ్రాయించుకొందురని ఆశించుచున్నాను.